ఆ రైతు జంటను వాళ్ల పిల్లలు మరిచిపోలేదు

సంఘం పని మీద ఏ ఇంటికి వెళ్లినా మా కళ్లు ముందు గోడ మీది ఫోటో మీద పడతాయి. ఆత్మహత్య చేసుకున్న రైతు ఇల్లయితే ఆ ఫోటో ఎక్కడిదో చూడగానే తెలిసిపోతుంది. పాసు పుస్తకం కోసమో ఆధార్ కోసమో దిగిన చిన్న ఫోటోను మండల కేంద్రంలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండ వేస్తారు. పక్కన భార్య ఉండదు. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఆ ఇంట్లో చాలాసార్లు దొరకదు.

ఆ ఫోటో కిందనే కూర్చుని మేము వివరాలు రాసుకుంటాం. సొంత భూమి ఎంత, కౌలు ఎంత, ఎన్ని బోర్లు వేశారు, ఎన్ని ఎండిపోయాయి, బ్యాంకు అప్పెంత, బయటి అప్పెంత. నాన్న గురించి అడిగితే పిల్లలు చెప్తారు. "మరి మీ అమ్మ ఏం చేస్తది?" అని అడిగితే "ఇంటికాడనే ఉంటది సార్" అంటారు. అప్పుడు ఆ తల్లి చేతులు చూస్తే పత్తికాయ గీరిన గాట్లు కనబడతాయి. నాటు వేసింది, కలుపు తీసింది, పత్తి ఏరింది, బర్రె పాలు పిండింది, ఆ పైన కైకిలికి పోయింది. అయినా ఆమె "ఇంటికాడనే" ఉంది. కాగితాల్లో ఆమె లేదు. పిల్లల మాటల్లో కూడా లేదు.

ఈ నెల మేము రాయదలచింది చాలా దూరపు రైతు జంట గురించి. అమెరికా దక్షిణాన జార్జియా రాష్ట్రంలో బేకర్ కౌంటీ అనే పల్లెటూరి ప్రాంతం ఉంది. అక్కడి నల్లజాతి రైతు హోసీ మిల్లర్, ఆయన భార్య గ్రేస్ మిల్లర్. వాళ్ల పెద్ద కూతురు షిర్లీ షెరాడ్ తన తల్లిదండ్రుల గురించి సభల్లో చెప్పింది, పుస్తకంలో రాసింది. మేము పదో తరగతి దాకా చదువుకున్నవాళ్లం. ఇంగ్లీషు పుస్తకాలు మాకు కొరుకుడు పడవు. మన సంఘం కార్యకర్తల పిల్లలు కాలేజీల్లో చదువుతున్నారు, వాళ్లు చదివి చెప్తుంటే విని రాసుకున్నాం. వింటున్నంతసేపూ మన ఊరి మనుషులే కళ్ల ముందు మెదిలారు.

పశువుల తగాదా, వెనక నుంచి తూటా

అమెరికా అంటే మనకు డాలర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు గుర్తుకొస్తాయి. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాల చరిత్ర పత్తి చేలల్లో ఉంది. బానిసలుగా తెచ్చిన నల్లవాళ్ల చేత రెండు వందల ఏళ్లకు పైగా అక్కడి భూస్వాములు వెట్టి చేయించుకున్నారు. 1865లో బానిసత్వం రద్దయింది. విముక్తి పొందిన కుటుంబాలకు నలభై ఎకరాల చొప్పున భూమి ఇస్తామని సైన్యాధికారి ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏడాది తిరగక ముందే కొత్త అధ్యక్షుడు ఆ ఉత్తర్వును కాదని భూములు పాత యజమానులకే అప్పగించాడు. దాంతో నల్లవాళ్లు అదే భూస్వాముల దగ్గర సగపాలు కౌలుదార్లయ్యారు. విత్తనం, ఎరువు, ఇంటి సరుకులు భూస్వామి దుకాణంలో అప్పుకు తెచ్చుకోవడం, పంట వచ్చాక లెక్క చూస్తే ఇంకా బాకీ తేలడం. ఈ లెక్క ఎలా ఉంటుందో మన తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాగు వడ్డీ తెలిసినవాళ్లే.

అయినా వాళ్లు పైసా పైసా కూడబెట్టి భూములు కొన్నారు. 1920 లెక్కల నాటికి అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షల 25 వేల మందికి పైగా ఉన్నారు. హోసీ, గ్రేస్ మిల్లర్లు అలా సొంత కాళ్ల మీద నిలబడ్డ తరగతి రైతులు. పత్తి, వేరుశనగ, దోసకాయలు పండించేవాళ్లు, పశువులను మేపేవాళ్లు. హోసీ ఊరి చర్చిలో పెద్దమనిషి. ఐదుగురు ఆడపిల్లలు. ఆయనకు కొడుకు కావాలని ఎంత కోరికంటే, ఒక్కో ఆడపిల్లకూ ఒక్కో మగపిల్లాడి ముద్దుపేరు పెట్టుకున్నాడట. షిర్లీని 'బిల్' అని పిలిచేవాడు. ఆ ఆడపిల్లలే కొడుకుల్లాగా పత్తి ఏరారు, వేరుశనగ పీకి మట్టి దులిపారు. షిర్లీకి ఆ పని ఎంత విసుగంటే, చదువు అయిపోగానే ఊరి ముఖం చూడకుండా ఉత్తరాది పట్టణాలకు పోవాలని కలలు కనేది. మన పిల్లలు హైదరాబాద్ బస్సు కోసం చూసినట్టే.

1965 మార్చిలో పక్క భూమి తెల్ల రైతుకు, హోసీకి పశువుల విషయంలో తగాదా వచ్చింది. హోసీ మందలోని కొన్ని ఆవులు తనవని ఆ మనిషి అన్నాడు. హోసీ గొడవ పడలేదు. కోర్టులో తేల్చుకుందామని చెప్పి వెనక్కి తిరిగాడు. అలా వెళ్తున్న మనిషిని వెనక నుంచి తుపాకీతో కాల్చారు. కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

ఊళ్లల్లో పశువుల తగాదాలు, గట్టు తగాదాలు మనకు కొత్త కాదు. బందెల దొడ్లో తోలడం, పంచాయితీ పెట్టడం, జుర్మానా కట్టడం అందరికీ తెలిసిందే. కానీ ఒకడు చట్టం దగ్గరకు పోదాం అంటే, చట్టం తన చేతిలోనే ఉందని రెండోవాడికి ధీమా ఉన్నప్పుడే అలాంటి తూటా పేలుతుంది. ఆ ధీమా నిజమైంది కూడా. చూసిన సాక్షులున్నా, అందరూ తెల్లవాళ్లే ఉన్న గ్రాండ్ జ్యూరీ ఆ మనిషి మీద కేసు నడపడానికే ఒప్పుకోలేదు.

షిర్లీ వయసు అప్పుడు 17. తల్లి గ్రేస్ ఆరోసారి గర్భవతి. తండ్రి చనిపోయిన మూడో నెలలో, జూన్‌లో, ఆయన అంతగా కోరుకున్న కొడుకు పుట్టాడు. తండ్రి చనిపోయిన రాత్రి షిర్లీ తనకు తానే మాట ఇచ్చుకుంది: ఇక ఈ ఊరు వదిలి పోను, ఇక్కడి పరిస్థితిని మార్చడానికి ఇక్కడే పని చేస్తాను అని.

గ్రేస్ మిల్లర్ ఊరు వదల్లేదు

హోసీ మిల్లర్ చావు గురించి చెప్పేవాళ్లు గ్రేస్ మిల్లర్ బతుకు గురించి తక్కువ చెప్తారు. మాకు మాత్రం ఆమె కథే ముఖ్యమనిపించింది.

భర్త చనిపోయాడు, కడుపులో బిడ్డ, చుట్టూ ఐదుగురు ఆడపిల్లలు, చంపినవాడు పొరుగునే దర్జాగా తిరుగుతున్నాడు. అలాంటప్పుడు బంధువులంతా ఏం చెప్తారో మనకు తెలుసు. ఉన్నకాడికి అమ్ముకుని పుట్టింటికో పట్నానికో పొమ్మంటారు. ఆమె పోలేదు. ఆ వేసవిలోనే బేకర్ కౌంటీ నల్లవాళ్లు చర్చిలో సభలు పెట్టుకుని ఓటు హక్కు కోసం, పిల్లల బడి కోసం కదిలారు. మిల్లర్ కుటుంబం ముందు నిలబడింది. ఒక రాత్రి తెల్ల దురహంకారులు వాళ్ల ఇంటి ముందు శిలువ పాతి తగలబెట్టారు. అక్కడ దాని అర్థం "చంపుతాం" అని. గ్రేస్ తుపాకీ పట్టుకుని వరండాలోకి వచ్చింది. లోపల కూతురు ఫోన్లు చేసింది. కాసేపట్లో చుట్టుపక్కల నల్లవాళ్లు వచ్చి ఆ గుంపును చుట్టుముట్టారు. గుంపులో కొందరిని ఆమె గుర్తుపట్టి పేర్లు పెట్టి పిలిచిందని కూతురు చెప్తుంది.

ఇది వింటుంటే మాకు పాలకుర్తి చాకలి ఐలమ్మ గుర్తొచ్చింది. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంటను విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం అండతో కాపాడుకున్న తల్లి ఆమె. దేశం వేరు, రంగు వేరు, భాష వేరు. పంట కోసం, బిడ్డల కోసం గడప దాటి నిలబడ్డ ఆడమనిషి రెండు చోట్లా ఉంది. ఇద్దరి వెనకా పిలిస్తే వచ్చే జనం ఉన్నారు. ఐలమ్మకు ఆంధ్ర మహాసభ ఉంది. గ్రేస్‌కు ఊరి చర్చి ఉంది. ఒంటరిగా ఉంటే ఇద్దరూ మిగిలేవాళ్లు కాదు.

భర్త హత్య జరిగిన పదకొండేళ్లకు, 1976లో, గ్రేస్ మిల్లర్ బేకర్ కౌంటీ విద్యా మండలికి ఎన్నికైంది. ఆ కౌంటీలో ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమె. ముప్ఫై ఏళ్ల తరువాత కూడా ఆ పదవిలో పని చేస్తూనే ఉంది. తన భర్త హంతకుడికి శిక్ష పడలేదు. కానీ ఏ ఊరి నుంచి తరిమేయాలనుకున్నారో ఆ ఊరి బడుల పెత్తనం ఆమె చేతికి వచ్చింది.

పోచంపల్లి నుంచి జార్జియాకు

షిర్లీ 1966లో చార్లెస్ షెరాడ్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన నల్లజాతి విద్యార్థుల ఉద్యమ కార్యకర్తగా 1961లోనే జార్జియా నైరుతి ప్రాంతానికి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. ఓటు కోసం పేరు నమోదు చేయించుకున్న కౌలు కుటుంబాలను భూస్వాములు రాత్రికి రాత్రి ఇళ్ల నుంచి వెళ్లగొట్టడం ఆ దంపతులు కళ్లారా చూశారు. సొంత నేల లేనివాడి ఓటుకు భద్రత లేదని వాళ్లకు అర్థమైంది.

ఇక్కడ మన గడ్డ ఈ కథలోకి వస్తుంది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాల భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ మొదలైంది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం వల్లనే భూస్వాములకు దానబుద్ధి పుట్టిందని మన పెద్దలు అప్పుడే అన్నారు. మేము ఇప్పటికీ అదే అంటాం. దానం ఇచ్చిన భూముల్లో రాళ్లూ రప్పలు ఎంతో, కబ్జాలు ఎంతో మనకు తెలుసు. ఎద్దులు లేక, విత్తనానికి డబ్బు లేక ఆ భూమిని నిలుపుకోలేనివాళ్లూ ఉన్నారు. తరువాత వినోబా గ్రామదానం అన్నాడు. భూమి ఊరందరి పేరున ఉండాలి, సాగు చేసుకునే హక్కు కుటుంబాలకు ఉండాలి, ఎవరూ అమ్ముకోలేకుండా ఉండాలి అని దాని సారాంశం.

ఆ ఆలోచన అమెరికాలో బాబ్ స్వాన్ అనే శాంతివాదిని ఆకర్షించింది. ఆయన, షెరాడ్ దంపతులు, జార్జియా ఆల్బనీ పట్టణ నాయకుడు స్లేటర్ కింగ్, మరికొందరు కలిశారు. 1968లో కొందరు ఇజ్రాయెల్ వెళ్లి అక్కడి సహకార గ్రామాలను కూడా చూసి వచ్చారు. 1969లో 'న్యూ కమ్యూనిటీస్' అనే సంస్థ పెట్టి, జార్జియాలోని లీ కౌంటీలో 5,700 ఎకరాలకు పైగా భూమి అప్పు తెచ్చి కొన్నారు. ఆ రోజుల్లో అమెరికాలో నల్లవాళ్ల చేతిలో ఉన్న ఒకే ముక్క భూమిలో అంత పెద్దది లేదు. భూమి ట్రస్టుది. కుటుంబాలకు దీర్ఘకాలపు కౌలు. మొక్కజొన్న, వేరుశనగ, సోయా, కూరగాయలు, ద్రాక్ష పండించారు. పందులను పెంచారు. రోడ్డు పక్కన సొంత దుకాణం పెట్టి అమ్ముకున్నారు. మనం సాగు చేసుకోలేకపోయిన ఒక విత్తనం అంత దూరం పోయి మొలిచింది.

అప్పు ఇవ్వకపోవడమే ఆయుధం

తుపాకీతో హోసీ మిల్లర్‌ను చంపిన వ్యవస్థ, ఆయన కూతురి భూమిని కాగితంతో తీసుకుంది. మన సభ్యులు జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది.

సంస్థకు మొదట్లో ప్రణాళిక కోసం కేంద్ర ప్రభుత్వ సొమ్ము వచ్చింది. ఇళ్లు, సౌకర్యాల కోసం రావాల్సిన పెద్ద మొత్తాన్ని రాష్ట్ర గవర్నర్ అడ్డుకున్నాడు. అప్పటి నుంచి పెద్ద అప్పు మోస్తూనే సాగు చేశారు. 1970ల చివర్లో వరసగా కరువొచ్చింది. అక్కడ కరువు రైతులకు అత్యవసర అప్పు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఉంది. చుట్టుపక్కల తెల్ల రైతులకు ఆ అప్పు అందింది. వీళ్లు పోతే, తాను బతికుండగా ఇక్కడ మీకు అప్పు పుట్టదని స్థానిక అధికారి ముఖం మీదే చెప్పాడని షిర్లీ రాసింది. రాజధాని నుంచి చెప్పించుకుని ఆ అప్పు తెచ్చుకునేసరికి మూడేళ్లు గడిచాయి. విత్తనం అదను మూడు వారాలు తప్పితేనే పంట పోతుంది. మూడేళ్లు తప్పితే ఏం మిగులుతుంది? ఆలస్యంగా ఇచ్చిన అప్పుకు ఉన్నదంతా తనఖా రాయించుకున్నారు. 1985లో భూమి మొత్తం చేజారింది.

ఇది ఒక్క సంస్థకు జరిగింది కాదు. దక్షిణాదిలో వేల మంది నల్లజాతి రైతులకు ఇదే జరిగింది. దరఖాస్తు తీసుకోరు, తీసుకుంటే పక్కన పడేస్తారు, ఇస్తే సగమే ఇస్తారు, అదీ అదను దాటాక ఇస్తారు. వివక్ష మీద వచ్చే ఫిర్యాదులను విచారించే విభాగాన్ని వాళ్ల వ్యవసాయ శాఖ 1983లో మూసేసింది. 1920లో 9 లక్షలు దాటిన నల్లజాతి రైతుల సంఖ్య 1997 లెక్కల నాటికి 18 వేల పైచిలుకుకు పడిపోయింది. వలసలు, యంత్రాలు, వాటాల తగాదాలు కూడా అందులో కారణాలే. అప్పు దొరక్క పోయిన భూమి వాటా మాత్రం చిన్నది కాదు.

1997లో ఉత్తర కరోలినా రైతు తిమోతీ పిగ్‌ఫోర్డ్ పేరు మీద రైతులు ప్రభుత్వం మీద దావా వేశారు. 1999లో కోర్టు ఒప్పందాన్ని ఆమోదించింది. వేల మందికి 50 వేల డాలర్ల చొప్పున వచ్చాయి. కానీ ఆ పరిహారం పొందాలంటే ఒక మెలిక ఉంది. తనలాంటి పరిస్థితిలోనే ఉన్న ఏ తెల్ల రైతుకు అప్పు దొరికిందో చెప్పాలి. తాను అప్పట్లోనే ఫిర్యాదు చేసినట్టు చూపాలి. నోటి మాటతో వెళ్లగొట్టినవాడికి రుజువు ఎక్కడి నుంచి వస్తుంది? చాలా మంది ఓడిపోయారు. గడువు సంగతి తెలియక మిగిలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్ల కోసం 2010లో రెండో ఒప్పందం చేయాల్సి వచ్చింది.

న్యూ కమ్యూనిటీస్ కూడా దావాలో చేరింది. పదేళ్లు పోరాడితే 2009లో కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా పరిహారం వచ్చింది. ఆ సొమ్ముతో 2011లో ఆల్బనీ దగ్గర 1,638 ఎకరాల తోట కొన్నారు. ఒకప్పుడు ఆ రాష్ట్రంలోని పెద్ద బానిస యజమానుల్లో ఒకడి ఎస్టేటు అది. ఇప్పుడు నల్లజాతి రైతుల శిక్షణకు, సాగుకు పనికొస్తోంది. చార్లెస్ షెరాడ్ 2022లో 85 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పోయిన భూమి తిరిగి రాలేదు, 24 ఏళ్లు తిరిగి రాలేదు. అయినా కాగితాలు దాచుకున్నందుకు, జనం గుర్తుపెట్టుకున్నందుకు ఆ మాత్రమైనా దక్కింది.

ఇంకో జంట

ఇందులో ఇంకో రైతు జంట కథ కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం సగమే.

1986 ప్రాంతంలో షిర్లీ సహకార సంఘాల సమాఖ్య తరఫున రైతుల భూములు వేలం కాకుండా కాపాడే పని చేస్తోంది. రోజర్ స్పూనర్, ఎలోయిస్ స్పూనర్ అనే తెల్ల దంపతులు సాయం కోసం వచ్చారు. తన తండ్రిని చంపినవాళ్ల రంగు మనిషి ఎదురుగా కూర్చుని సాయం అడుగుతుంటే తనకు మనస్ఫూర్తిగా చేయబుద్ధి కాలేదని ఆమే ఒప్పుకుంది. ఒక తెల్ల లాయరు దగ్గరకు పంపి తన పని అయిపోయిందనుకుంది. ఆ లాయరు ఏమీ చేయకుండా చివరి నిమిషంలో భూమి వదులుకొమ్మని సలహా ఇచ్చాడు. అప్పుడు ఆమెకు కళ్లు తెరుచుకున్నాయి. ఉన్నవాడికి లేనివాడంటే లెక్క లేదు, వాడి రంగు ఏదైనా సరే అని అర్థమైంది. వేరే లాయరును వెతికి, దివాలా చట్టం కింద రక్షణ ఇప్పించి, ఆ దంపతుల భూమి నిలబెట్టింది.

2010 జులైలో ఆమె కేంద్ర వ్యవసాయ శాఖలో జార్జియా గ్రామీణాభివృద్ధి అధికారిగా ఉన్నప్పుడు, ఈ సంగతి చెప్పిన ఆమె ఉపన్యాసాన్ని కత్తిరించి, తెల్ల రైతుకు సాయం చేయలేదన్న ముక్క మాత్రమే ఇంటర్నెట్టులో తిప్పారు. ప్రభుత్వం నిజమేంటో చూడకుండా ఆమె చేత రాజీనామా చేయించింది. అప్పుడు టీవీ ముందుకు వచ్చి "మా భూమి కాపాడింది ఈమే" అని చెప్పింది ఎవరో కాదు, ఆ ముసలి స్పూనర్ దంపతులే. రెండు రోజుల్లో ప్రభుత్వం క్షమాపణ చెప్పుకుంది.

మన ఊళ్లలో కులాన్ని బట్టి, పార్టీని బట్టి రైతును రైతుకు దూరం చేసే వీడియోలు రోజూ మన ఫోన్లలోకి వస్తుంటాయి. చూసిన ప్రతిసారీ ఈ స్పూనర్ దంపతులను తలుచుకుంటే మంచిది.

మన దగ్గర సంగతి

ఇప్పుడు మన గోడ మీది ఫోటో దగ్గరకు వద్దాం.

మన దగ్గర రంగు అడ్డం లేదు. పాసు పుస్తకం అడ్డం ఉంది. 2011 చట్టం కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. తెలంగాణ వచ్చాక అవి మూలన పడ్డాయి. భూరికార్డుల ప్రక్షాళన పేరుతో సాగు చేసేవాడి కాలమ్ తీసేశారు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే పడింది. పథకం పేరు మారింది, పట్టాదారుకే డబ్బు పడే పద్ధతి మారలేదు. అదే ఏడాది వచ్చిన రైతుబీమా 5 లక్షలు కూడా పట్టా ఉన్నవాడి కుటుంబానికే. కౌలు రైతు చనిపోతే ఆ ఇంటికి బీమా లేదు. 2015లో వచ్చిన 194 జీవో కింద 6 లక్షల పరిహారం కావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి ఇది రైతు ఆత్మహత్యే అని తేల్చాలి. "కౌలు కాగితం ఉందా? బ్యాంకు అప్పు రుజువుందా?" అని అడుగుతారు. నోటి మాట కౌలుకు కాగితం ఎవరిస్తారు? వడ్డీ వ్యాపారి రశీదు ఇస్తాడా? అక్కడ తెల్ల రైతు పేరు చెప్పమన్నట్టే, ఇక్కడ భూయజమాని సంతకం తెమ్మంటారు.

ఈ అడ్డంకుల మీద మనం కొట్లాడుతున్నాం, ఇంకా కొట్లాడతాం. కానీ ఈ వ్యాసం రాసే ముందు మేము ఒక పని చేశాం. మా మండల సంఘం సభ్యత్వ పుస్తకం తీసి పేర్లు చూశాం. ఆడవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ధర్నాకు పిలిస్తే ముందు వచ్చి కూర్చునేది వాళ్లే. సభ్యత్వం మాత్రం భర్త పేరున రాస్తాం. మహిళలను రైతులుగా గుర్తించాలని కలెక్టరుకు వినతిపత్రం ఇస్తాం, మన పుస్తకంలో మనమే గుర్తించం. ఆ సిగ్గు మాది. అధికారి మీద తోసేయడానికి లేదు.

అందుకని మూడు పనులు చేద్దామని మా కమిటీ అనుకుంది. మిగతా మండలాలూ ఆలోచించాలని కోరుతున్నాం.

మొదటిది, ఈ ఏడాది నుంచి సభ్యత్వం భార్యాభర్తలిద్దరి పేర్లతో రాస్తాం. భూమి ఉన్నవాళ్లు బతికుండగానే కొంతైనా భార్య పేరున పట్టా చేయించాలని ఇంటింటికీ చెప్తాం. ఎవరైనా చనిపోతే దినాలు కాగానే విరాసత్ పనికి సంఘం మనిషి తోడు వెళ్తాడు. ఆలస్యమైతే దాయాదుల నోళ్లు లేస్తాయి.

రెండోది, కాగితం. బ్యాంకులో అప్పు అడిగితే రాతపూర్వకంగా అడగాలి. దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఇవ్వం అంటే ఆ మాట రాసి ఇమ్మనాలి. రాసివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద నా దరఖాస్తు ఏమైందని అడగాలి. విత్తనాల బిల్లు, ఎరువుల బిల్లు, మార్కెట్ తక్‌పట్టీ అన్నీ ఒక సంచిలో పెట్టుకోవాలి. ఆ సంచి ఎక్కడుందో ఇంటి ఆడమనిషికి తెలిసి ఉండాలి. మేము చూసిన చాలా ఇళ్లలో మగమనిషితో పాటు అప్పుల లెక్క కూడా పోతోంది. ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియని ఆ తల్లి దగ్గరకు నలుగురు వచ్చి నాలుగు లెక్కలు చెప్తారు.

మూడోది, జ్ఞాపకం. ప్రతి ఊళ్లో ఒక నోటు పుస్తకం పెడదాం. ఒక్కో ఇంటికీ రెండు పేజీలు. ఈ భూమి ఎవరు కొన్నారు, ఎవరు కౌలు చేశారు, బావి ఎప్పుడు తవ్వారు, ఎవరి నగలు కుదువ పెట్టి తవ్వారు, ఏ ఏడు పంట పోయింది, ఎవరు అండగా నిలిచారు. పెద్దవాళ్లు చెప్తే చదువుకున్న పిల్లలు రాయాలి. తాత గురించి ఎంత రాస్తే అవ్వ గురించి అంత రాయాలి. ఇది పుస్తకాల షోకు కాదు. పిగ్‌ఫోర్డ్ కేసులో ఒక్కో రైతుకు పదిహేనేళ్ల నాటి సంగతి రుజువు చేయాల్సి వచ్చింది. రేపు కౌలు హక్కు చట్టం సరిగ్గా అమలు చేయించుకున్న రోజు, "ఈ చెల్క మేమే దున్నాం" అని చెప్పడానికి ఊరి పుస్తకం సాక్ష్యంగా ఉండాలి.

హోసీ మిల్లర్ పెద్ద నాయకుడు కాడు. పత్రికలు పట్టించుకున్న మనిషీ కాడు. కోర్టులో తేల్చుకుందామన్న ఒక మామూలు రైతు. గ్రేస్ మిల్లర్ ఆరుగురు పిల్లలను సాకిన ఒక మామూలు తల్లి. వాళ్ల కూతురు ఆ ఇద్దరి గురించి ఎక్కడికి పోయినా చెప్పింది కాబట్టే, అరవై ఏళ్ల తరువాత, సముద్రాల ఇవతల, తెలంగాణ పల్లెలో కూర్చుని మనం వాళ్ల పేర్లు తలుచుకుంటున్నాం.

పోయిన వారం ఒక ఇంట్లో వివరాలు రాసుకున్నాక మేము ఫారం మీద ఒక గీత కొట్టేశాం. 'భార్య వృత్తి' అన్న చోట "గృహిణి" అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి "రైతు" అని రాశాం. పక్కనే ఉన్న పెద్ద కొడుకు ఫారం తీసుకుని చదివాడు, తల్లి వైపు చూశాడు. "అవును సార్, పత్తి అంతా అమ్మనే ఏరేది" అన్నాడు. ముందు మేము అడిగినప్పుడు రాని మాట అది. ఆ మాట ప్రతి ఇంట్లో వచ్చేదాకా ఫారాలు దిద్దుతూనే ఉందాం.